వైద్యవిద్యకు ముందు రోగిసేవ

క్షీరసాగరమథన వృత్తాంతము శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున సవిస్తరముగా వర్ణింపబడినది. మందరగిరిని కవ్వముగా, వాసుకిని త్రాడుగా చేసికొని దేవదానవులు కడలిని చిలుకగా, తుట్టతుదకు శ్రీమహావిష్ణువు అంశమున ధన్వంతరి అమృతకలశహస్తుడై ఆవిర్భవించెను. ఆయుర్వేదమునకు ఆద్యుడైన ఆ మూర్తి వెలువడుటకు ముందు ఆ కడలి నుండియే హాలాహలము పుట్టెను. అమృతమును కోరిన వారందరు మొదట విషజ్వాలల వేడిని చవిచూడవలసి వచ్చెను. పరుల బాధను తీర్పగోరువాడు తొలుత ఆ బాధ యెదుట నిలువ నేర్వవలెనను ధర్మసూక్ష్మము ఈ క్రమమున గోచరించుచున్నది.

వైద్యుడు కావలెనను మాట తెలుగునాట ఎన్నో గృహములలో బిడ్డ పుట్టినప్పటి నుండియు వినవచ్చుచుండును. పదవ తరగతి ముగియగనే బాలుడు గాని బాలిక గాని ఇంటర్మీడియెట్ బైపీసీలో చేరును. వేకువజాము మొదలు రాత్రి ప్రొద్దుపోవు వరకు పాఠములు, పరీక్షలు. నీట్ పరీక్షకు మొత్తము 720 మార్కులు. అందు సరిగా సగము, అనగా 360, జీవశాస్త్రమునకే కేటాయింపబడినవి. హృదయమునకు గదులెన్ని, మూత్రపిండమున వడపోత ఎట్లు జరుగును అను ప్రశ్నలకు ఆ విద్యార్థి ఒక్క నిమిషములో సమాధానము గుర్తింపగలడు. కాని గుండె నీరసించిన వృద్ధుడు రాత్రివేళ పరుండలేక దిండ్లకు ఆనుకొని ఏల కూర్చుండునో, వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్‌కు వచ్చు కూలివాని ఇంట ఆనాడు పొయ్యి వెలిగినదో లేదో అతడెరుగడు. ఎరుగవలెనని అతనిని ఎవ్వరును కోరలేదు.

బ్రిటన్ దేశమున పద్ధతి వేరు. అచటి వైద్యకళాశాలలలో చాలవరకు, ప్రవేశము కోరు విద్యార్థి అంతకు మునుపే ఆస్పత్రిలో గాని, వృద్ధాశ్రమములో గాని, మరణాసన్నులను ఆదరించు హాస్పిస్‌లో గాని కొంతకాలము మెలగియుండవలెనని ఆశించును. దానిని వారు ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’ అందురు. ముఖాముఖిలో, ఎన్ని గంటలు గడిపితివన్నదాని కంటె, ఏమి గ్రహించితివన్నదానికే విలువ ఎక్కువ. అమెరికాలోను ఇట్టి ఆచారమే కలదు. అందుచే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు సెలవులలో ఆస్పత్రులకు స్వచ్ఛందసేవకు పోవుట ఎరుగనివారు లేరు. భారతదేశమున ఎం.బి.బి.ఎస్. ప్రవేశమునకు అట్టి నిబంధన లేదు. 2019లో అమలునకు వచ్చిన పాఠ్యప్రణాళికలో తొలుత ఒక నెల ఆధారశిక్షణయు, మొదటి సంవత్సరము నుండియే రోగులను చూచు అవకాశమును, నీతిని సంభాషణమును బోధించు పాఠములును చేర్చిరి. ఇది మేలైన మార్పే. అయినను ఇవి యన్నియు సీటు చేజిక్కిన పిమ్మట వచ్చునవి. తాను ఏ త్రోవను ఎన్నుకొనుచున్నాడో కన్నులార చూడకయే విద్యార్థి ఆ త్రోవలో అడుగిడుచున్నాడు.

ఇచట ఒక ధర్మసందేహము తలయెత్తుచున్నది. సీటు కొరకు చేయు సేవ సేవ యగునా? పత్రముపై సంతకము కొరకు రోగి మంచము ప్రక్క నిలిచినవాడు ఆ రోగి బాధను తన మేలునకు వాడుకొనుట లేదా? ఫలాపేక్ష లేని కర్మయే శ్రేష్ఠమని గీతాచార్యుడు బోధించి యుండగా, ఫలమును ముందుంచుకొని ఆరంభించిన ఈ పరిచర్యను ఏమనవలెను? ఈ ప్రశ్న విద్యార్థికే కాదు, అతనిని పంపు తల్లిదండ్రులకును, అనుమతించు వైద్యులకును సంబంధించినది.

శాస్త్రదృష్టి

ప్రాచీన వైద్యాచార్యులు ఈ విషయమున మౌనము వహింపలేదు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. వైద్యుని గుణములలో శాస్త్రజ్ఞానము మొదటిది. చికిత్సాకర్మను అనేక పర్యాయములు కన్నులార చూచియుండుట రెండవది. దక్షత, శుచిత్వము తరువాతివి. చదువు ప్రక్కనే చూపునకు స్థానమిచ్చిన ఆ వివేకము గమనింపదగినది. పరిచారకుని గుణములును అట్లే నాలుగు: పరిచర్య తెలిసియుండుట, దక్షత, అనురాగము, శుచిత్వము. దక్షతయు శుచిత్వమును వైద్యునికి, పరిచారకునికి సమానములు. పరిచారకుడుగా ఆ రెండింటిని అలవరచుకొన్న యువకునికి వైద్యుని నాలుగు గుణములలో సగము ముందే చేకూరినట్లు.

సుశ్రుతసంహిత మరియొక మెట్టు ముందునకు పోయినది. కేవలము శాస్త్రము చదివినవాడు రోగిని సమీపించినపుడు యుద్ధభూమిలో పిరికివానివలె కలత చెందుననియు, శాస్త్రమెరుగక చేతిపని మాత్రమే నేర్చినవాడు సజ్జనుల ఆదరమునకు నోచుకొనడనియు, ఈ ఇరువురును ఒంటిరెక్క పక్షుల వంటివారనియు సుశ్రుతుడు చెప్పెను. అందుచే శిష్యుడు రోగిదేహమును ముట్టుటకు ముందు గుమ్మడి, సొర, దోసకాయలపై కోతను, తామరతూడుపై సిర వేధనను, పురుగు తొలిచిన కొయ్యపై శలాకను చొప్పించుటను, బొమ్మ అవయవములపై కట్టు కట్టుటను అభ్యసింపవలెనని విధించెను. చేతి తప్పు ఏదైనను అది కాయపై జరుగవలెనే గాని జీవునిపై జరుగరాదన్న కరుణ ఆ విధానమున దాగియున్నది. రోగి విద్యార్థికి ప్రయోగవస్తువు కాడన్న ధర్మము ఆనాడే స్థిరపడినది.

గురువు శిష్యుని పరీక్షించి స్వీకరింపవలెనని చరకుడు చెప్పెను. శిష్యుడును తాను చదువబోవు శాస్త్రమును, ఆశ్రయింపబోవు ఆచార్యుని పరీక్షించుకొనవలెనని చెప్పెను. నేటి ప్రవేశపరీక్ష మొదటి పరీక్షను మాత్రమే, అదియును జ్ఞాపకశక్తి మేరకు, జరుపుచున్నది. రెండవ పరీక్షకు, అనగా ఈ విద్య తనకు తగినదా యని విద్యార్థి తనను తాను ప్రశ్నించుకొనుటకు, ఎచటను చోటు లేదు. ఆస్పత్రిలో గడపు కొన్ని దినములు ఆ చోటును కల్పించును.

ఆలయము, ఆరోగ్యశాల

వైష్ణవక్షేత్రములకు ఈ భావము క్రొత్త కాదు. కాంచీపుర సమీపమున పాలారు, చెయ్యారు, వేగవతి నదులు కలియుచోట తిరుముక్కూడల్ అను గ్రామమున వేంకటేశ పెరుమాళ్ళ కోవెల కలదు. 11వ శతాబ్దమున వీరరాజేంద్ర చోళుని కాలమున వేయించిన శాసనమొకటి ఆ కోవెల గోడపై నేటికిని ఉన్నది. ఆలయమునకు అనుబంధముగా వేదపాఠశాల, విద్యార్థులకు వసతి, 15 పడకల ఆతురశాల నడచెనని ఆ శాసనము తెలుపుచున్నది. ఒక వైద్యుడు, ఒక శస్త్రవైద్యుడు, మూలికలు తెచ్చువారు, పరిచర్య చేయు స్త్రీలు మున్నగువారికి జీతములు నిర్ణయింపబడినవి. చదువుకొను బాలుడును, జ్వరముతో పరుండిన రోగియు ఒకే పెరుమాళ్ళ నీడన, ఒకే ఆవరణలో ఉండిరి. ఆ బాలుడు వేదము వల్లించుచునే మూలుగును వినెను.

తెలుగుదేశమున గుంటూరు మండలము మల్కాపురమునందలి 1261వ సంవత్సరపు శాసనము రుద్రమదేవి కాలమున ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాశాల ఒక్కచోట నడచుటను చెప్పుచున్నది. ఆధునికకాలమున తిరుమల తిరుపతి దేవస్థానముల ఆశ్రయమున తిరుపతిలో 1985లో బర్డ్, 1993లో స్విమ్స్ ఆస్పత్రులు వెలసినవి. శ్రీవారి దర్శనమునకు వచ్చినవారు, చికిత్సకు వచ్చినవారు ఒకే ఊరి వీథులలో నడచుచున్నారు. విద్య, వైద్యము, ఆరాధన ఒకదానికొకటి దూరమైనవి కావని ఈ క్షేత్రము నిత్యము చూపుచునే యున్నది.

మంచము ప్రక్క నేర్చునది

ఇంకను చదువు ఆరంభింపని యువకుడు ఆస్పత్రిలో చేయగల పని యేమి? సూది వేయుట అతని పని కాదు. గాయము విప్పుట, మందు చెప్పుట, రోగి దేహమును పరీక్షించుట అతని అధికారము కావు. అట్టివి అతనిచే చేయించువారు రోగికిని, అతనికిని అపకారము చేయుచున్నారు. చక్రముల కుర్చీని నెట్టుట, చదువురాని వారికి ఓపీ చీటీ వ్రాయించి వరుస చూపుట, రక్తపరీక్ష ఎచట జరుగునో తెలుపుట, ఆపరేషను గది వెలుపల వేచియున్న తల్లి ప్రక్క కూర్చుండుట, ఒంటరిగా పడియున్న వృద్ధురాలి మాట వినుట – ఇవి అతనికి తగిన పనులు. చూచుటకు అల్పములు. కాని ఆస్పత్రిలో రోగికి కలుగు బాధలో రోగము వలన వచ్చునది కొంత. త్రోవ తెలియకపోవుట వలన, పలుకరించువారు లేకపోవుట వలన వచ్చునది మరికొంత. ఈ రెండవ భాగమును తగ్గించుటకు పట్టా అక్కరలేదు.

ఇందును కరుణ ఒక్కటియే చాలదు. ఒక ఉదాహరణము చూడదగును. మరునాటి ఆపరేషనుకు సిద్ధముగా నున్న రోగి వేకువన దాహమని ప్రాధేయపడును. జాలిపడిన యువకుడు గ్లాసెడు పాలు తెచ్చి యిచ్చును. మత్తు ఇచ్చినపుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణమునకే ముప్పు. అందుకే వైద్యులు ముందుగా ఉపవాసము విధింతురు. తెలియని దయ విషమగుట ఇట్లే. అందుచే నర్సును అడుగక నీటిచుక్కయైనను ఈయరాదని అతడు నేర్చును. తన దయ కంటె తెలిసినవారి మాట గొప్పదని అంగీకరించుట వినయమునకు తొలిమెట్టు. ప్రణామముచే, పరిప్రశ్నచే, సేవచే జ్ఞానమును పొందవలెనని గీతయందు భగవానుడు నిర్దేశించిన మార్గము ఆస్పత్రి వరండాలో ఇట్లు ఆచరణకు వచ్చుచున్నది.

శుచిత్వము రెండవ పాఠము. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష గది నుండి నేరుగా వచ్చు వైద్యుల చేతుల వలననే బాలింతలకు ప్రాణాంతకమైన జ్వరము సోకుచున్నదని గుర్తించి, క్లోరిన్ కలిపిన సున్నపునీటితో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టెను. మరణములు మిక్కిలి తగ్గినవి. అయినను తమ చేతులే మృత్యువును మోసికొనివచ్చెనన్న మాటను ఆనాటి వైద్యులు పలువురు సహింపలేకపోయిరి. విద్య ఉన్నచోట అహంకారమున్నచో శుచిత్వము కూడ అవమానముగా తోచును. గర్భాలయమునకు పోవు అర్చకుడు పాదములు, చేతులు కడుగుకొనుట ఎట్టిదో, ఒక మంచము నుండి మరియొక మంచమునకు పోవువాడు చేతులు కడుగుకొనుట అట్టిదని ఎరిగిన యువకునికి ఈ నియమము భారము కాదు.

గోప్యము మూడవది. రోగి ఇంట చూచిన, వినిన సంగతులను వెలుపల చెప్పరాదని చరకుడు శిష్యునికి ఆనతిచ్చెను. నేడు ఆ ఆనతికి మరింత ప్రాముఖ్యము వచ్చినది. చేతిలోని సెల్‌ఫోన్‌తో రోగి ప్రక్క నిలిచి బొమ్మ తీసికొని, తాను సేవ చేయుచున్నానని పదిమందికి పంపుట ఆ రోగి దైన్యమును దొంగిలించుటయే. అట్లే, పరీక్ష జరుగువేళ ఈ విద్యార్థి ఇచట ఉండవచ్చునా యని రోగిని ముందుగా అడుగవలెను. వలదన్నచో మారుమాట లేక వెలుపలికి పోవలెను. ధర్మాస్పత్రిలో ఉచితముగా చికిత్స పొందు పేదకును కాదనుటకు సంపూర్ణమైన హక్కు కలదు.

ఫలాపేక్ష మాటయేమి?

ఇపుడు మొదటి సందేహమునకు రావలెను. ఫలమును కోరి ఆరంభించినంత మాత్రమున సేవ వ్యర్థమగునా? ధ్రువోపాఖ్యానము దీనికి సమాధానము. సవతితల్లి సురుచి పరుషవాక్కులకు నొచ్చుకొని, అందరి కంటె ఉన్నతమైన స్థానము కావలెనని ఆ ఐదేండ్ల బాలుడు తపమునకు వెడలెను. అతని తొలి కోరిక పదవియే. అందు మాత్సర్యము కూడ కొంత కలిసియున్నది. నారదమహర్షి ఆ కోరికను చూచి బాలుని త్రోసివేయలేదు. మంత్రము నుపదేశించి మధువనమునకు త్రోవ చూపెను. ఆరు మాసములు తపించిన పిదప శ్రీహరి సాక్షాత్కరించి శంఖముతో చెక్కిలి నిమిరినపుడు ఆ బాలుని హృదయమే మారిపోయెను. పదవి లభించెను, కాని అంతటి స్వామిని దర్శించియు ఇంత స్వల్పమును కోరితినే యని అతడు పరితపించెను. కోరికతో బయలుదేరుట దోషము కాదు. దారిలో స్వామి ఎదురైనను కోరికనే పట్టుకొని కూర్చుండుట దోషము.

సీటు కొరకు ఆస్పత్రిలో అడుగుపెట్టిన యువకుడును ఇట్టివాడే. ఆ ఆశ అతనిని ద్వారము వరకు తెచ్చినది. లోపల మంచముపై నున్న మనిషిని చూచిన పిదప ఏమి జరిగినదన్నదియే ప్రశ్న. విశిష్టాద్వైతదర్శనమున జీవులందరు పరమాత్మకు శరీరము, ఆయనయే అంతర్యామి. ప్రతి జీవుడును ఆయనకే శేషభూతుడు, ఆయన ముఖోల్లాసము కొరకే ఉన్నవాడు. ఈ సిద్ధాంతమును మనసున నిలుపుకొన్నచో, ఒక జీవుని మరియొక జీవుడు తన ఉన్నతికి మెట్టుగా వాడుకొనుటకు అధికారమే లేదని తేలుచున్నది. మంచముపై నున్న కూలివాడు విద్యార్థి సొత్తు కాడు, వైద్యుని సొత్తు కాడు, ఆస్పత్రి సొత్తును కాడు, ఆయన సొత్తు. ఆయన సొత్తును ముట్టువాడు భయభక్తులతో ముట్టవలెను. అట్లు ముట్టినపుడు ఆ పనికే కైంకర్యమను పేరు చెల్లును.

శ్రీవైష్ణవ గురుపరంపరలో మారనేరి నంబి చరితము ఈ సందర్భమున స్మరణీయము. ఆళవందారుల శిష్యుడైన ఆ మహనీయుడు, ఆచార్యుని దేహమును పీడించిన రాచపుండును తనకు ప్రసాదముగా అనుగ్రహింపుమని వేడి స్వీకరించెనని పెద్దలు చెప్పుదురు. లోకము తక్కువగా చూచిన కులమున పుట్టిన ఆ భక్తునికి పెరియ నంబి స్వయముగా అంత్యసంస్కారము గావించెను. సామాన్యులెవ్వరును పరుల వ్యాధిని తమ మేనికి తెచ్చుకొనలేరు. అది వారి ధర్మమును కాదు. కాని పరుల బాధ ‘వారిది’ అని ప్రక్కకు తొలగక, కొంతసేపైనను దాని చెంత నిలుచుట అందరికి సాధ్యమే. ఆ యువకునిలో కోరిక సేవగా మారినదో లేదో తెలిసికొనుటకు గుర్తు సులభమైనది: ఎవ్వరును చూడనివేళ, సంతకము దొరికిన మరునాడు, ఆ వృద్ధురాలు పిలిచినచో అతడు ఆగునా?

తల్లిదండ్రుల ధర్మము

కొందరికి ఈ దినములు వేరొక సత్యమును తెలుపును. రక్తమును చూచి కన్నులు తిరుగుట అనర్హత కాదు; అది అలవాటున పోవును, గొప్ప శస్త్రవైద్యులకును తొలిదినములలో కలుగును. పేదను చూచి విసుగు, ప్రశ్నించిన రోగిపై కోపము, దుర్గంధమునకు ముక్కు మూసికొని మనిషినే ద్వేషించుట – ఇవి కొన్ని వారములైనను తగ్గనిచో అప్పుడు ఆలోచింపవలెను. పరధర్మము ఎంత చక్కగా ఆచరించినను స్వధర్మమే మేలని భగవద్వాక్యము. వైద్యుడు కాజాలనని పదునెనిమిదవ యేట తెలిసికొన్న కుమారుడు తల్లిదండ్రులకు అపకీర్తి తేలేదు. ముప్పదియవ యేట తెలిసికొనవలసిన దుఃఖము నుండి తనను, ఎందరో రోగులను కాపాడెను. అతడు ఆ మాట చెప్పినపుడు ఇంటిలో కోపముతో గాక చెవియొగ్గి వినువారు ఉండవలెను.

మరియొక న్యాయము కూడ యోచింపదగినది. వైద్యుని బిడ్డకు ఆస్పత్రి ద్వారము పలుకుబడితో తెరచుకొనును. రైతు బిడ్డకు, నేతపనివాని బిడ్డకు తెరచువారెవరు? బ్రిటన్ దేశమునను ఈ ఫిర్యాదు వినబడినందుననే అచటి కళాశాలలు వృద్ధాశ్రమములలో పనిని, ఇంటిలో రోగిని సాకిన అనుభవమును సైతము లెక్కలోనికి తీసికొనుచున్నవి. ఇది మంచి మార్గము. పక్షవాతముతో మంచము పట్టిన తాతకు ప్రొద్దున ముఖము కడిగి, ప్రక్కకు త్రిప్పి, గంజి త్రాగించిన బాలిక ఏ పెద్ద ఆస్పత్రిలో గడపినవారికిని తీసిపోదు. వీపున పుండు పడకుండ రెండు గంటలకొకసారి ఏల ఒత్తిగిలజేయవలెనో ఆమె చేతులు ఎరుగును. ప్రతి గృహమునను ఒక వృద్ధుడు, ఒక రోగి, ఒక బాలింత ఏదో ఒకనాడు ఉండక తప్పదు. ఆ వేళ బిడ్డను, చదువు పాడగునని గదిలో పెట్టి తలుపు మూయు తల్లిదండ్రులు, వైద్యవిద్యలోని మొదటి పాఠమునకే బిడ్డను దూరము చేయుచున్నారు.

తిరుమలలో 2000వ సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవయందు వేలకొలది గృహస్థులు వరుసలలో నిలిచిన యాత్రికులకు అన్నము, నీరు అందించుచున్నారు. వారికి లభించు ఫలము స్వామి ఎదుట నిలుచు ఒక్క క్షణము. ఆ క్షణమున తమ సేవ గుర్తునకు రాదు, స్వామియే కనబడును. వైద్యుడు కాగోరు యువతీయువకులు రోగి చెంతకును అట్టి మనసుతోనే పోయి, పట్టా చేతికి వచ్చిన నాడును ఆ తొలిదినపు వినయమును మరువకుందురు గాక! అమృతకలశధారియైన ధన్వంతరి వారి చేతులకు నేర్పును, ఆపదమ్రొక్కులవాడైన శ్రీనివాసుడు వారి మనసులకు ఆర్ద్రతను ప్రసాదించుగాక!